కుడి ఒడ్డు

ధర్మాబాద్ మిర్చి మార్కెట్ల
కాంటా గదికి కిటికీ ఉన్నది గని, తెరవరు.
తెరిస్తే కంప్యూటర్ కూడా తుమ్ముతది.

బచ్చేవార్ సేటు దుకాణానికి నేను రాసిన పట్టీ ప్రోగ్రాంల
పన్నెండు డబ్బాలు:
రైతు పేరు, ఊరు, బస్తాలు, తరుగు, హమాలీ...
అన్నీ ఎడమ ఒడ్డుకు కట్టేసిన పడవలు.
తెలుగుకు సాలినయ్. మరాఠీకీ సాలినయ్.

ముస్తజాబ్ మున్షీ వచ్చి కూసున్నడు.
ముప్పై ఒక్క ఏండ్ల ఖాతా బుక్కులు ఆయన చేతివి,
ఎనుక అట్ట దిక్కు నుంచి తెరుసుకునేటివి
(ఎనుక అని నేనంట. ఆయనకది ముందట).
రెండేళ్లతోని ఉర్దూల ఒక పేరు కొట్టి,
బుక్కుల పెట్టినట్టే చివరికి ఒక అడ్డగీత పెట్టిండు.
అక్షరాలు చెయ్యి చెయ్యి పట్టుకొని సక్కగనే నిలబడ్డయ్.
గీత మాత్రం దుంకి
పేరుకు ముందల పడ్డది.

"లోపట పెట్టిన గొళ్లెం
బయటికెట్ల పోయె బేటీ?"

నాకు సిగ్గయింది.
ఆ రాత్రి ఒక్క డబ్బాకు చెప్తే అయిపోతుండె.
నేను తల్లి కిటికీకే చెప్పిన: కుడి నుంచి ఎడమకు.
తల్లి మాట పిల్లలన్నీ ఇన్నయ్.
జారుడు పట్టీ ఎడమకు పోయింది,
'సరే' ఉన్న కాడికి 'రద్దు' వచ్చింది,
కాంటా బొమ్మ సుత అద్దంల చూసుకున్నట్టు తిరిగింది.
తిరగనిది తూకమొక్కటే.
నలభై కిలోల రెండు వందల గ్రాములు
ఏ రాతలనన్న ఎడమ నుంచే చదవాలె.

తెల్లారి, సాయిలు చూడకుంటనే
అలవాటైన మూలకు నొక్కిండు.
చికన మైసయ్య పదకొండు బస్తాలు
గాలిల కలిసినయ్.
మళ్లీ తూచినం. మళ్లీ తుమ్మినం.
మైసయ్య నన్నేమనలే, బీడీ ఆర్పి
బస్తాల మీదనే కూసున్నడు.

ఇప్పుడు బటన్లు వాటి జాగల అవి ఉన్నయ్.
పేరు డబ్బాకు మాత్రం చెవుల చెప్పిన:
మొదటి అక్షరం మొఖం చూసి
దిక్కు నువ్వే తెలుసుకో.

ఖాళీగున్నప్పుడు దానికి ఏం తెలుస్తది?
కర్సర్ ఎడమకే నిలబడి కన్ను కొడ్తది.
మున్షీ సాబ్ ఒక్క అక్షరం ఏస్తడు.
అది డబ్బా ఈ కొస నుంచి ఆ కొసకు పోతది.
రోజుకు నూట ఇరవై సార్లు చూస్తడు,
అయినా ప్రతిసారి అద్దాలు పైకి జరిపి,
ఇంటికొచ్చిన సుట్టానికి చాప చూపించినట్టు
"ఆవో" అంటడు.