జిప్సం గోడ

అద్దెకి నాలుగు చెక్కులు.
ఇల్లు తీసుకున్న రోజే
ఇంకా రాని నెలల మీద కూడా సంతకాలు పెట్టి ఇచ్చేశాం.
అప్పట్నుంచి మా ఇంటి పంచాంగం అదే:
మార్చి ఐదు, జూన్ ఐదు, సెప్టెంబరు ఐదు, డిసెంబరు ఐదు.
తక్కిన తేదీలన్నీ వాటి మధ్య
ఊపిరి బిగబట్టుకుని నడుస్తాయి.

షార్జాలో అల్ నహదా, పదకొండో అంతస్తు.
కిటికీలోంచి చూస్తే రోడ్డవతల దుబాయి.
నడిస్తే నాలుగు నిమిషాలు.
అద్దెలో ఆ రోడ్డు వెడల్పు
ఏడాదికి పద్దెనిమిది వేల దిర్హాములు.

మాది లేని బతుకు కాదు, ఆ మాట ముందే చెప్పాలి.
కేశవకి ఏసీ ఆఫీసు, మెడలో కార్డు.
నాకు క్లినిక్కులో తెల్లకోటు, రక్తం తీసే పని.
ప్రొద్దుటూరు లెక్కలో మేం కలిగినోళ్ళం.
ఇక్కడి లెక్కలో
ఇరవై రెండో తేదీ దాకా కలిగినోళ్ళం.

వచ్చిన కొత్తలో ప్రతిదాన్నీ రూపాయల్లోకి గుణించేదాన్ని.
కొత్తిమీర కట్టని గుణించాను,
కేశవ క్షవరాన్ని గుణించాను.
గుణించిన ముద్ద గొంతు దిగదు.
రెండో ఏడు మానేశాను.
ఇప్పుడు జీతాన్ని ఒక్కదాన్నే గుణిస్తాను,
అదీ మా వదిన ఫోన్ చేసి అడిగితేనే.

పాప స్కూలు ఫీజు పెరిగిన ఏడాది
హాలుని రెండు చేశాం.
గుల్ జమాన్ అనే మేస్త్రి
రాత్రి పదకొండు దాటాక లిఫ్టులో పలకలు తెచ్చాడు.
తనిఖీకొస్తే జరిమానా మీదే, నేనెవరో మీకు తెలీదు, అన్నాడు.
గంటన్నరలో గోడ లేచింది.
పైన జానెడు సందు వదిలాడు,
చల్లగాలి అవతలికీ పోవాలి కదా.

అవతల రోవెనా.
ఆమె ద్వీపం పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు.
మాల్‌లో సెంట్ల దుకాణం.
రాత్రి ఆమె కంటే ముందు వాసన ఇంట్లోకొచ్చేది.
ఒకటో తేదీన కవరులో పదకొండు వందలు,
నోట్లకీ అదే వాసన.

గోడ వచ్చాక మా గొంతులు సన్నబడ్డాయి.
పోట్లాటలు ఫోన్లలోకి మారాయి.
ఒకే మంచం, వీపుకి వీపు,
ఆయన తిట్టు నా దిండు కింద వణికేది.
తాలింపుకి ముందు తలుపు తట్టేదాన్ని:
మిరపకాయలు, రోవెనా, దగ్గు!
ఎండుచేప వేయించే ముందు ఆమె తట్టేది.

ఒక రాత్రి ఆ సందులోంచి
మా కప్పు మీద వెలుతురు చార.
అంకెలు వినబడ్డాయి.
ఆమె భాష నాకు రాదు.
కానీ లెక్క తేలక మళ్ళీ మొదటికొచ్చే గొంతు
ఏ భాషలోనైనా నాకు తెలుసు.
మూడోసారి ఆమె ఆగిన చోట నేనూ ఆగాను.
నిద్రలో కేశవ, లెక్కలేస్తున్నావా, అన్నాడు.
నేను కాదన్నాను.

పోయిన నెల ఆమెకి అబూదబీలో పని దొరికింది,
ఉండటానికి గదితో సహా.
పాపకి పదమూడు ఖాళీ సెంటు సీసాలిచ్చి వెళ్ళింది.
తనిఖీలు మొదలయ్యాయని కబురు.
గుల్ జమానే వచ్చి గోడ పీకాడు,
కట్టినదానికి సగం తీసుకున్నాడు.

ఇప్పుడు హాలంతా మాదే. పాప సైకిలు తొక్కుతోంది.
నేల మీద మాత్రం ఒక తెల్ల గీత,
ఎంత ఫినాయిలు పోసినా పోలేదు.
మొన్న కేశవ మీద గట్టిగానే మొదలుపెట్టాను.
గీత దగ్గరికొచ్చేసరికి
గొంతు దానంతటదే దిగిపోయింది.
ఆయన నవ్వి ఫోనందుకున్నాడు.

డిసెంబరు ఐదుకి పద్దెనిమిది రోజులు.
రాత్రి దీపం వేసుకుని కూర్చున్నాను.
పైకే లెక్కపెట్టాను, వినేవాళ్ళు లేరు కదా.
తేలలేదు.
మళ్ళీ మొదటికొచ్చాను.
మూడోసారి ఆగిన చోట
అవతల ఎవరూ ఆగలేదు.