ఆకుపచ్చ సీసా మీద గీతలు

రా కబహెండా, సంచీ భుజానికెత్తుకో.
బోడా బండి వచ్చేలోగా ఒక్క మాట.
ఈ సీసాలో పచ్చగా ఉన్నది షర్బత్ కాదు, మార్ఫిన్.
పలచని మోతాదని తెలియడానికే ఆ రంగు.
గులాబిరంగుది దీనికి పదింతలు.
లాంతరు వెలుగులో రెండూ ఒకేలా మెరుస్తాయి.
రంగును నమ్మకు, చీటీ చదువు.
చదివాక ఇంకోసారి చదువు.

ఫోర్ట్ పోర్టల్ దాటాక, తేయాకు తోటల మలుపులో
సైకిళ్ళ బగోంజా ఇల్లు.
గడపలోనే ముద్దుపేరు అడిగాను.
"అరాలీ" అన్నాడు.
మన టోరో వాళ్ళకి
అది అడగని పలకరింపు పలకరింపే కాదు,
ఏ మందైనా ఆ తర్వాతే గొంతు దిగుతుంది.

చెయ్యి చాపమన్నాను.
పిడికిలి అంటే నొప్పి లేనట్టు,
ఐదు వేళ్ళంటే ఇక ఓర్చుకోలేనట్టు.
రెండు చూపించాడు. నవ్వాడు కూడా.
"రెండు" అని రాసుకునేదాన్నే,
మంచం పట్టెను పట్టుకున్న ఆ రెండో చెయ్యి
కణుపులు తెల్లబడి కనిపించకపోతే.

నొప్పి ఎంతో చెప్పాల్సింది పడేవాడే.
ఎందుకు తగ్గించి చెబుతున్నాడో
కనుక్కోవాల్సింది మనం.

సీసా ఎత్తి కిటికీకి పట్టాను.
తొమ్మిది రోజులు.
సగానికి దిగాల్సిన మందు
సీసా భుజం కూడా దాటలేదు.
కూతురు కటూసాబె తల దించుకుంది.
"అసలు నొప్పి వచ్చే రోజుకి దాస్తాడట, సిస్టర్.
ఇప్పుడే తాగితే అప్పటికి పనిచెయ్యదట."

నేను ఉపన్యాసం ఇచ్చాను.
గోడకి చెప్పినట్టే అయింది.
ఆ గోడకే వేలాడుతోంది ఒక సైకిలు చైను.
"అరాలీ, నూనె ఎప్పుడు వేస్తావు?
కీచుమన్నాకా, కీచుమనక ముందా?"

చాలాసేపు చైనునే చూశాడు.
"కీచుమందంటే అప్పటికే పళ్ళు అరిగినట్టు" అన్నాడు.
రెండో చెయ్యి పట్టె వదిలింది.
ఐదు వేళ్ళూ విచ్చుకున్నాయి.

మార్కరుతో సీసా మీద రోజుకో గీత గీశాను.
గడియారం లేని ఇల్లు అది.
తొలికోడికి ఒకటి, పదింటి ఫ్యాక్టరీ కూతకి ఒకటి,
బడిపిల్లల మొదటి గుంపు తిరిగొచ్చేటప్పుడు,
ఆవు పాలు పితికేటప్పుడు,
పడుకునే ముందు రెట్టింపు,
నడిరేయి ఎవరూ లేపకుండా.
మధ్యలో నొప్పి పొడుచుకొస్తే ఇంకొకటి.
అది ఇచ్చామని తర్వాతిది మానకూడదు.

మొదటి రోజుల్లో మగతగా పడుంటారు. భయపడకు,
నొప్పి ఎత్తుకెళ్ళిన నిద్రను వసూలు చేసుకుంటున్నారు.
కానీ పిలిస్తే పలకాలి.
ఊపిరి నిండు నిమిషం లెక్కపెట్టు,
అరనిమిషాన్ని రెండుచేసి కాదు.
పదికి దిగువైతే, కంటిపాప సూదిమొనంత అయితే,
మందు ఆపి నాకు ఫోన్ చెయ్యి, ఏ జామైనా.
మూత్రం తగ్గిందా అడుగు.
కిడ్నీలు అలిసిపోతే మందు ఒంట్లోనే తిష్ట వేస్తుంది.
విరేచనం సంగతి సిగ్గుపడకుండా అడుగు.
మాత్రలు నిండుకుంటే
ఎండిన బొప్పాయి గింజలు దంచి ఇమ్మను.
నేనొకసారి అడగలేదు.
పదకొండు రోజులు.
ఒక నొప్పి తీసి ఇంకోటి పెట్టాను ఆమె కడుపులో.
పేరు చెప్పను.

బగోంజా చివరి ఆరు వారాల్లో
మంచం మీంచే ఒక సైకిలు బాగుచేశాడు,
మనవడి చేత స్పానర్ పట్టించి, వాణ్ణి తిడుతూ.
తిట్టే ఓపిక వచ్చిందంటే
నొప్పి ఓ అడుగు వెనక్కి వేసినట్టే.

నిన్న కటూసాబె సీసా తిరిగి తెచ్చింది.
బల్లమీద పెట్టి చూశాను.
పచ్చనీళ్ళు మంగళవారం గీతకి
సరిగ్గా ఆనుకుని ఉన్నాయి.
ఒక్క గుక్క కూడా దాచుకోలేదు.

చెయ్యి వణికితే కొలత తప్పుతుంది.
అందుకని రెండుసార్లు కొలిచాను.
నూటపది మిల్లీలీటర్లు.
రిజిస్టర్లో రాశాను, తాళాలు రెండూ వేశాను.

బోడా హారన్ కొడుతోంది. కొట్టనీ.
ఇవిగో తాళాలు. రెండో సంతకం నీది.
ముందు నువ్వూ కొలిచి చూడు,
తర్వాత పెట్టు.