మోకాలికి ముడి

పోస్టులో వచ్చిన పెట్టె చిన్నది, తెల్లది.
లోపల ఒక గొట్టం, మూతకే అతికిన బుల్లి చెంచా,
ఎలా తియ్యాలో బొమ్మలేసి చెప్పిన కాగితం.
విల్లెమైన్ కళ్లజోడు పెట్టుకుని బొమ్మలన్నీ చూసి
సోఫా మీద పడి నవ్వింది.
"రోటర్‌డామ్ రేవులో ముప్పై ఒక్క ఏళ్లు క్రేన్ నడిపావు.
ఎవడి పెట్టెలో ఏముందో ఏనాడూ అడగలేదు.
ఇవాళ నీ పెట్టె ఎవరో తెరిచి చూస్తారట!"

నవ్వనీ. నిజమే కదా.
సీలు వేసిన ఇనప్పెట్టెల్ని
ఓడ కడుపులోంచి ఎత్తి లారీ వీపు మీద దించేవాణ్ణి.
అరటిపళ్లో, టైర్లో, ఎవరి పెళ్లి మంచాలో,
నాకు తెలిసింది బరువొక్కటే.
క్యాబిన్ దాకా రెండొందల పన్నెండు మెట్లు.
లిఫ్టు చెడిన చలికాలాల్లో
రోజుకి రెండుసార్లు ఎక్కాను, రెండుసార్లు దిగాను.
ఇప్పుడు మా ఇంటి పద్నాలుగు మెట్లు
నిచ్చెనలా నిటారుగా నిలబడి
నన్ను చూసి పళ్లికిలిస్తాయి.
వెనక్కి తిరిగి, చతికిలబడి,
ఒక్కో మెట్టూ పిరుదులతో ఎక్కుతాను.

కాగితంలో ప్రశ్న: నొప్పి ఎంత? సున్నా నుంచి పది.
పొద్దున్నైతే ఆరు.
వానకి ముందు ఏడు.
కోర్నెలిస్ స్కేటింగ్ చేసొచ్చానని ఫోన్ చేసిన సాయంత్రం
తొమ్మిదిన్నర.

కోర్నెలిస్‌ది పక్క క్రేన్. అవే మెట్లు, అవే ఏళ్లు.
మా ఎక్స్‌రేలు పక్కపక్కన పెడితే కవలలు:
అరిగిన అంచులు, ఎముక మీద ఎముక,
మధ్యలో మెత్తన ఉండాల్సిన చోట ఏమీ లేదు.
అతనిదే కాస్త హీనం కూడా.
అయినా అతను గడ్డకట్టిన కాలవ మీద తేలిపోతాడు,
నేను కుర్చీలోంచి లేవడానికి
మూడు లెక్కపెట్టుకుంటాను.

ఎముకలు ఒకటే అయితే ఏడుపు ఎందుకు వేరు?

ఆ ప్రశ్నకే ఈ పెట్టె అంది ఇల్హామ్,
మొన్న ఇంటికొచ్చి రక్తం తీసుకున్న పిల్ల.
వాళ్ల నాన్న కూడా రేవు మనిషేనట.
"మీ కడుపులో కోటానుకోట్ల ప్రాణులు కాపురముంటాయి.
పూసలు గుచ్చినట్టు గొలుసుగా ఉండే జాతొకటి
నొప్పి ఎక్కువున్నవాళ్లలో ఎక్కువ కనిపిస్తోంది."
పేగు గోడ పలచబడిన చోట
వాటి చెత్త నెత్తుట్లోకి జారి
దూరాన మోకాల్లో నిప్పు రాజేస్తుందేమోనని వాళ్ల అనుమానం.

కడుపుమంట అంటే ఇదేనా అమ్మాయ్, అన్నాను.
కోర్నెలిస్ మీద నాకున్నదీ అదే.

మోకాలికీ బోడిగుండుకీ ముడేశావని
నా గుండు తడుముకుంటే
"గుండు దాకా వద్దు, బొడ్డు దాకా చాలు" అంది.
తర్వాత నవ్వు ఆపి,
"అవి నొప్పిని తెచ్చాయో,
నొప్పితో కదలక కూర్చున్నందుకు అవే వచ్చి చేరాయో
మాకింకా తెలీదు. మందని మాటివ్వలేను."

తెలీదు అన్న మాట
ఇన్నేళ్లలో ఏ డాక్టరూ నాతో అంత మర్యాదగా అనలేదు.
వయసు అన్నారు, బరువు అన్నారు,
ఒకాయన ఊరికే తల పంకించాడు.

రాత్రి మజ్జిగ జావ తాగి పడుకున్నాను.
చీకట్లో కడుపు గుడగుడమంది.
ఇన్నాళ్లూ గాలి అనుకున్నాను.
చెయ్యి వేసి విన్నాను.
అర్ధరాత్రి షిఫ్టులో రేవు ఇలాగే ఉండేది,
ఎక్కడో గొలుసు లాగిన చప్పుడు,
పేరు తెలియని మనుషులు
సరుకు దించుతున్న అలికిడి.
పైన అద్దాల గదిలో ఒంటరినని
కుళ్లిపోయేవాణ్ణి.
కింద అంతమంది.

పొద్దున పని కానిచ్చాను. వివరాలొద్దు.
చెంచా చిన్నది, చెయ్యి పెద్దది, అంతే.
మూత బిగించి, పెట్టె అంటించి,
వానలో నారింజరంగు పోస్టుడబ్బా దాకా
కర్ర ఊతంతో నడిచాను.
జారవిడిచే ముందు, పాత అలవాటు,
అరచేతిలో ఒకసారి తూచాను.

పైకిటికీ తెరిచి విల్లెమైన్ అరుస్తోంది,
"ఎంత?" అని.

పెట్టా, మోకాలా?