జిరాక్స్ అంగట్లో చీనీకాయ

కరెంటు వచ్చె. మిషను మళ్లా మొదలు.
టవర్‌క్లాక్ సందులో నా అంగడి;
ఓబులేసు కెమిస్ట్రీ నోట్సు నలభై పేజీలు
వెచ్చవెచ్చగా బయటికి.
ఆ ఘాటు వాసన ఓజోనంట, ఆ పిల్లోడే చెప్పినాడు.

గార్లదిన్నె చీనీకాయ ఒకటి వొలిస్తి.
తొక్క చిమ్మిన నూనె
ఎండ సోకని ఈ మూలలోనే ఓజోన్‌కు ఎదురుపడి
జంటబంధం పుటుక్కున తెగి
ఎక్కడో ఒక ఒంటి ఎలక్ట్రాన్.

తోడు లేనిదానికి నిలకడేముంది?
పక్కదాని హైడ్రోజన్ లాక్కొని
నీళ్లయిపోతుంది,
సెకను కూడా పట్టదు.
పోగొట్టుకున్నది ఇప్పుడు ఒంటిది.

పంతొమ్మిదో పేజీలో ఇదే, బాణం గుర్తులతో.
మసగ్గా పడింది. మళ్లా తీస్తి.
వేళ్ల మీది చీనీ వాసన కాగితానికంటింది.
దుడ్లు మాత్రం
ఒక్క కాపీకే.