సూదిబెజ్జం

గాజులమండ్యం ఫ్యాక్టరీలో
గాజుల్లేని చేతులు, పింగాణీవి,
వేలకు వేలు గొలుసుకు తలకిందులుగా వేలాడతా
పాలతొట్లో మునిగి లేస్తా ఉంటాయి.
మునిగేటప్పుడు బోడివి.
లేచేటప్పుడు తెల్లని తోలు కప్పుకోని వస్తాయి.
ఒక్క చెయ్యీ దండం పెట్టదు.
ఒక్కటీ అడుక్కోదు.

పనిలో చేరిన దినం మాయమ్మ అడిగింది:
"పాల ఫ్యాక్టరీ అంటివే, డెయిరీనా?"
కాదు, రబ్బరు పాలు అన్నా.
"ఎవురూ తాగని పాలు ఎందుకుమే?"
ఆ పాలకు పాలవాసన లేదు.
ముక్కులో దూరి కండ్లలో తేలే అమోనియా.
ఇంటికొచ్చి తలంటుకున్నా
దిండులో పండుకోని ఉంటాది.

నా పని వరస చివర.
ఊడదీసిన తొడుగులోకి గాలి కొట్టి
చెంపకు ఆనించుకోని చూడడం.
బెజ్జముంటే
నిద్దరలో పసిబిడ్డ ఊపిరంత సన్నంగా తగుల్తాది.
దాన్ని ఎర్రబుట్టలో వేసేయాల.
బుట్ట నిండితే సూపర్వైజరు
నాలోనే బెజ్జం ఉన్నట్టు చూస్తాడు.

కొట్టాయం నుంచి ట్యాంకరు తెచ్చే తంకచ్చన్‌ని
టీ బంకు కాడ అడిగినా,
ఆ చెట్టు ఎట్లుంటాదని.
సగం అరవంలో, సగం చేతులతో చెప్పినాడు.
బండి తాళంచెవితో తన ముంజేతి మీద
వాలుగా ఒక గీత గీసినాడు.
పైపైన కోస్తే పాలు రావంట.
లోతుగా పోతే చెట్టుకు పుండంట.
తోలుకూ కట్టెకూ నడుమ
గోరంత తావులో కత్తి ఆగల్లంట.
వాళ్లామె తెల్లారి మూడింటికే తలకు లైటు కట్టుకోని
మూడువందల చెట్లకు గీత గీసి,
టెంకాయ చిప్పలు సరిజేసి వస్తాదంట.
ఎండెక్కితే చెట్టు చేపదంట.
"మా బర్రె మాదిరే" అన్నా.
ఆయనకు అర్థం కాలా, నవ్వినాడు.
ముంజేతి మీద గీత మాత్రం
టీ అయిపోయినా తెల్లగానే ఉండింది.

మా పక్క చెట్లకూ పాలుంటాయి,
మంచిగుణం ఉండేవి కావు.
జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు పాయ.
మామిడి సొన సంగతి
దామలచెరువు మండీలో మాయమ్మనడగండి.
ముప్పై కాపులు తోతాపురి తొడిమలు విరిచి విరిచి
ఆమె బొటనవేలు ఒలిచిన గుడ్డయింది.
రేషను మిషను మీద పెడితే
"మొగిలమ్మా, గట్టిగా నొక్కు" అంటాడు డీలరు.
నొక్కుతాది.
మిషను కుయ్యిమంటాది.
ఇంకో వేలు. ఇంకో వేలు.
వెనక వరసలో ఎవురో నవ్వుతారు.
పదీ అయినాక
నా వేలు పెట్టి బియ్యం తెచ్చుకుంటాం.

అందుకే ఎర్రబుట్టలోంచి ఒక జత
రైకలో దాచుకొచ్చినా.
గేటు కాడ తడిమి చూసే పాకాలామె
తడిమింది, తెలుసుకునింది,
గోడ మీది బల్లిని చూస్తా ఉండిపోయింది.

అమ్మ తొడుక్కోని ఒక గంపెడు కాయలకు తొడిమ తీసింది.
ఆనెక ఊడబెరికి నా ఒళ్లో వేసింది.
"నా చేతికి చెవుడొచ్చినట్టుండాది దీంట్లో.
తొడిమ యాడ తెగుతాదో వేలికి గదా తెలిసేది!"
నేను రెండు దినాలు మాట్లాడలా.
సొన కాలిస్తే కాల్చుకోనీ అనుకున్నా.

మూడోనాడు పొద్దున్నే
బస్సుకని లేస్తే కొట్టంలో లైటు.
మొన్న తల్లి సచ్చిన మేకపిల్ల
ముందుకాళ్లు మడిచి కూచోనుంది.
దాని నోట్లో చిటికెనవేలు,
నేను చెంపతో పట్టుకున్న చిటికెనవేలు.
అమ్మ తొడుగు నిండా బర్రెపాలు పోసి
మణికట్టు కాడ పురికోసతో బిగించి
దీపం పట్టుకున్నట్టు పట్టుకోనుంది.
బెజ్జంలోంచి చుక్క.
గుటక.
చుక్క.
తోక గిలగిల.

నన్ను చూసి అమ్మ తల కూడా ఎత్తకుండా అనింది:
"రేపు ఇంకొంచెం పెద్ద బెజ్జముండేది చూసి తే.
దీనికి ఆకలి జాస్తి."