ముందు వదలాలి

రాతపరీక్షలో పదికి తొమ్మిదిన్నర నాకు.
ఇన్‌హేలర్ మెట్లన్నీ వరసగా రాసి
ఎర్ర స్కెచ్‌పెన్నుతో గీతలు కూడా కొట్టాను.
పోయిన అరమార్కు
చివర్లో నోరు పుక్కిలించడం మరిచినందుకు.

తరవాత మేడమ్ బల్లమీద ఉత్త డబ్బా ఒకటి పెట్టి
"రాసింది చాలు, పీల్చి చూపించండి" అంది.
మందు లేని మందు.
ఫార్మసీవాళ్లం, నర్సింగువాళ్లం
కలిపి ఇరవై రెండు తెల్లకోట్లు.
ప్రభుదాసు మూత తీయకుండానే నోట్లో పెట్టుకున్నాడు,
అందరం నవ్వాం.
నుస్రత్ ఊపలేదు.
భార్గవి నొక్కిందొకప్పుడు, పీల్చిందింకొకప్పుడు,
తుంపరంతా వెళ్లి కళ్లద్దాల మీద వాలింది.
నేను బాగానే చేశాననుకున్నాను.
మేడమ్ ఏదో రాసుకుంది కాగితం మీద,
ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, ఓపీ వరండా.
నాకు అప్పగించిన మనిషి బాలనర్సమ్మ.
బల్దియాలో ఊడ్చే పని, ఇరవై ఆరేళ్లుగా.
మూసాపేట ఫ్లైఓవర్ కింద
తెల్లారగట్ల నాలుగింటికి
నగరం కంటే ముందు దుమ్ము లేచేది,
దుమ్ము కంటే ముందు ఆమె.
ప్రతి మృగశిరకూ నాంపల్లి లైన్లో నిలబడి
చేపమందు మింగిందట ఏడేళ్లు.
"చేపైతే గొంతుల గిలగిల కొట్టుకుంటది బిడ్డా,
పోయిందని ఎరుకైతది.
ఇదేమో బుస్సుమంటది, ఊకుంటది.
లోపటికి పోయిందో లేదో ఎట్ల తెల్వాలె?"

కొంగుముడి విప్పి తీసింది తన ఇన్‌హేలర్.
వెనక చిన్న కిటికీలో అంకె: సున్నా.
ఎన్నాళ్లనుంచో సున్నా.
చూడమని ఎవరూ చెప్పలేదు.
డాక్టరు చీటీ రాశాడు, కౌంటరువాడు డబ్బా ఇచ్చాడు,
మధ్యలో ఎవరికీ నోరు లేదు.

కొత్తది తెప్పించి మొదలుపెట్టాను.
మూత తీయాలమ్మా. ఊపాలి. పెదాలు బిగించాలి.
నొక్కుతూనే మెల్లగా, పొడుగ్గా పీల్చాలి.
పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి.
ఉత్త డబ్బాతో చేసి చూపించాను.
ఆమె నా ఛాతీ వంకే చూసింది
పొయ్యిమీది పాలను చూసినట్టు.
"నీ రొమ్ము ముందే నిండుగున్నది గద బిడ్డా,
ఇంకేడికి పోతది?
నిండిన చెత్తడబ్బాల మళ్ల పోస్తే
కిందనే పడతది.
ముందుగాల కుమ్మరియ్యాలె."

నాలుక కరుచుకున్నాను.
మూడో మెట్టు: ఊపిరి పూర్తిగా బయటికి వదలాలి.
నేను రాసిందే. ఎర్రగా గీత కొట్టిందే.

మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి ఇద్దరం.
ఆమె వదిలింది,
ఎంతసేపో వదిలింది,
చివర్లో సన్నగా పిల్లికూతలు.
తరవాత నొక్కింది, పీల్చింది.
నేను వేళ్లు మడుస్తున్నాను.
ఏడు దగ్గర దగ్గు తన్నుకొచ్చింది.
కాసేపు ఆగి మళ్లీ. తొమ్మిది.
"రేపు పది జేస్త" అంది,
బాకీకి గడువు చెప్పినట్టు.
సంచి సర్దుకుని పోతున్నదాన్ని వెనక్కి పిలిచి
నీళ్లిచ్చి పుక్కిలించమన్నాను.
ఆ అరమార్కు ఇంకోసారి పోనివ్వను.

సాయంత్రం మెట్రోలో, ఈఎస్ఐ దాటాక
నిలబడే ఊపిరంతా వదిలి చూశాను.
అడుగున ఇంకా కొంచెం మిగిలింది, అదీ వదిలాను.
ఎదుటి సీటాయన అదోలా చూశాడు.
అప్పుడు పీల్చి, బిగబట్టి, లెక్క.
ఎనిమిది దగ్గర ఎవరి బ్యాగో భుజానికి తగిలింది.

ఒకటి నుంచి మళ్లీ.