అలలు చొరని బావి

సారెమా దీవి కొసన, రేవు గోడకు ఆనించి
మనిషి పట్టేంత ఇనుప గొట్టం ఒకటుంది.
ఊర్వే రోజూ పొద్దున ఏడింటికి మూత తీసి
లోపలి నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో రాసుకుంటుంది.

ఇక్కడ చెప్పుకోదగ్గ ఆటూ లేదు, పోటూ లేదు.
గాలి తోస్తే సముద్రం లేస్తుంది, గాలి అలిగితే తగ్గుతుంది.
"మరి సున్నా ఎక్కడ?" అన్నాను.
"ఏ అలా సున్నా దగ్గర నిలబడదు.
అయినా కొండల ఎత్తు కొలిచేది దాన్నించే."
(ఇక్కడ కొండలేవీ, అన్నీ గుట్టలే.)

ఆమె తాత ప్రీడిక్, యుద్ధం ముగిసే ముందటి శరత్తులో
రాత్రిళ్లు పడవలో మనుషుల్ని స్వీడన్‌కి దాటించాడు.
తలకింత అని రేటు. పడవవాళ్లందరిదీ అదే రేటు.
ఒకామె దగ్గర డబ్బుల్లేవు, ఉంగరం ఇచ్చింది.
వేలి నుంచి రాకపోతే
సబ్బు తెచ్చింది తాతే.

"కాలం అలాంటిది" అంటారు ఊళ్లో,
"అప్పటి న్యాయం అప్పటిది."
మరి ఆ ఉంగరం అమ్మలేదేం?
కరువు చలికాలంలో ఆవునమ్మాడు, గడియారం అమ్మాడు,
ఇది మాత్రం తుప్పు మేకుల డబ్బా అడుగున.
చట్టం అడగలేదు. పాస్టరు కూడా పోనీలే అన్నాడు.
మరెవరు చెప్పారు ఆ చేతికి?

నేను వాదించాను:
చిన్నప్పుడు అమ్మ నేర్పిందే కావచ్చు, ఉత్త భయం కావచ్చు,
అదీ ఒక గాలే, కాకపోతే లోపల వీచింది.
ఊర్వే గొట్టం అడుగు చూపించింది.
బొటనవేలంత కన్నం.
"అలలు ఇందులోంచి రాలేవు. మట్టం వస్తుంది.
ఆలస్యంగా."

తాతకి పదకొండేళ్లు పట్టిందట
ఆ డబ్బాలో ఏముందో భార్యకి చెప్పడానికి.

నేనూరుకోలేదు. ఈ దీవి నేల
ఏటా వెంట్రుకవాసి పైకి లేస్తోంది కదా,
ఏనాటి మంచు బరువో దిగిపోయాక, ఇంకా.
గోడ మీద గీత కిందకి జరిగితే
దిగింది నీరా, లేచింది మనమా?
నీ గొట్టానికెలా తెలుస్తుంది?

"తెలియదు," అంది, అంత తేలిగ్గా.
"ఈ ఒక్కదానికి తెలియదు.
స్వీడన్ ఒడ్డున ఇంకో గొట్టం ఉంది,
అక్కడా ఒకామె రాస్తుంది. నెలకోసారి సరిచూసుకుంటాం.
లెక్క కుదరని నెల
పోట్లాడుకుంటాం, ఫోన్లు పెట్టేస్తాం.
సముద్రమే లేదని మాత్రం ఇద్దరం అనుకోం."

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వంగింది.
పుస్తకంలో తొమ్మిది అని రాసి,
కొట్టేసి,
ఎనిమిదిన్నర అని రాసింది.